సరంగు గారి గెడ్డానికి లెవెల్ టూ

రేవుపాడు మున్సిపాలిటీకి ఏటా ఏదో ఒక పిచ్చి పట్టాల్సిందే. ఓ ఏడాది ఊళ్ళో గోడలన్నిటికీ గులాబీ రంగు వేయించారు. మరో ఏడాది వీధికుక్కల మెడలకి గుర్తింపు బిళ్ళలు కట్టించబోయారు. కట్టబోయినవాళ్ళనల్లా కుక్కలు కరిచేసరికి ఆసుపత్రికి కొత్త వార్డొకటి వచ్చింది, ఆ పిచ్చి వల్ల ఊరికి ఒరిగింది అదొక్కటే. కానీ సెలూన్ ఇంగ్లీషు పిచ్చి ముందు అవన్నీ దిగదుడుపే. దాన్ని నెత్తికెత్తుకుని వీధివీధికీ మోసినవాడు ఆకుల సూర్యచంద్రం, మున్సిపాలిటీలో సానిటరీ ఇన్‌స్పెక్టరు.

పాపం, చెడ్డవాడు కాడండీ. పైవాళ్ళు కూర్చోమంటే కూర్చుని, లేవమంటే లేచి, ఎందుకని అడక్కుండా సర్వీసంతా నెట్టుకొచ్చిన మనిషి. రేపో మాపో ప్రమోషను. ఇంట్లో భార్య మంగతాయారు, తండ్రి వీర్రాజు గారు. ఈ వీర్రాజు గారు ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. వంతెన పడ్డాక లాంచీలు పోయాయి గానీ, ఊరికి ఆయన ఇప్పటికీ సరంగు గారే. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. గెడ్డం మాత్రం రోజు విడిచి రోజు నున్నగా ఉండాల్సిందే.

పొద్దున్నే చేతికర్ర ఆడించుకుంటూ సంతవీధిలో భద్రం సెలూన్‌కి వెళ్ళేవాడు. గుమ్మంలో ఆయన నీడ పడిందంటే చాలు, భద్రం భుజం మీద తువ్వాలు తీసి కుర్చీని ఒక్క దులుపు దులిపి, "రండి సరంగు గారూ, కుర్చీ ఖాళీ!" అని కేకేసేవాడు. కుర్చీలో మనిషి ఉన్నా సరే అదే కేక. ఉన్నవాడు సగం గెడ్డం నురగతో లేచి బల్ల మీదకి మారేవాడు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. అదక్కడి మర్యాద.

ఇక పిచ్చి ఎలా మొదలైందో వినండి.

ఊరి చివర రొయ్యల మేత ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి ఓ దొర వచ్చాడు. ఏ దేశమో ఎవరికీ తెలీదు. ఓ సాయంత్రం భద్రం సెలూన్‌లోకి వచ్చి తన తల చూపించాడు. భద్రం తల చూశాడు. కత్తిరించాడు, నూనె పెట్టి మర్దనా చేశాడు, మెడ అటూ ఇటూ తిప్పి మెటికలు విరిచాడు. దొర కుర్చీలోనే గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచాక భద్రాన్ని కావలించుకుని, ఫోటో దిగి, చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఫోటో ఊరి ఫోన్లన్నీ తిరిగి తిరిగి కమిషనర్ పట్టాభిషేకం గారి ఫోన్లో పడింది.

ఇంకో ఊరైతే ముచ్చటపడి ఊరుకునేది. పట్టాభిషేకం గారు మర్నాడే అత్యవసర సమావేశం పెట్టి భద్రాన్ని పిలిపించారు.

"విదేశీ అతిథితో నువ్వు ఏ భాషలో సంభాషించావు?"

"ఏమీ మాట్లాళ్ళేదండి. ఆయనా ఏమీ అనలేదండి. పనైపోయిందండి."

కమిషనర్ గారు సభ్యులందరి వంకా తిరిగారు. "విన్నారా? ఒక అంతర్జాతీయ క్షవరం మన పురపాలక పరిధిలో ఒక్క ఆంగ్ల పదమైనా వినియోగం కాకుండా పరిసమాప్తమైంది! ఇది సేవాలోపం. ప్రపంచ దేశాల ముందు ఈ పట్టణానికి తలవంపు. పాపం ఆ అతిథి తన ఆవేదనను దిగమింగుకుని కళ్ళు మూసుకున్నాడు."

"గుర్రు కూడా పెట్టాడండి," అన్నాడు భద్రం.

"ఆవేదన," అన్నారు కమిషనర్ గారు.

ఆ వారంలోనే 'ప్రపంచ స్థాయి కేశ సేవా ఆంగ్ల పథకం' పుట్టింది. దీన్ని ఏ శాఖకి అప్పగించాలన్న చర్చ వచ్చింది. తెగి కింద పడ్డ జుట్టు చెత్త కాబట్టి, తెగకముందు కూడా అది సానిటరీ శాఖ కిందికే వస్తుందని కమిషనర్ గారు తేల్చారు. అలా వచ్చి సూర్యచంద్రం నెత్తిన పడింది. హైదరాబాదు నుంచి నిశాంత్ అని ఓ లాంగ్వేజ్ మెంటర్‌ని కూడా రప్పించారు. కుర్రాడు కోటు వేసుకుని, చేతిలో ట్యాబు పట్టుకుని, ఎప్పుడూ ఎక్సైట్ అయిపోతూ ఉండేవాడు.

నియమం సింపులే. సెలూన్‌లో అయినా బయటైనా పని అడిగేవాడు ఇంగ్లీషులోనే అడగాలి, చేసేవాడు ఇంగ్లీషులోనే బదులివ్వాలి. ఊరికే అడిగితే కుదరదు, పరీక్ష పాసవ్వాలి. లెవెల్ వన్ పాసైతే జుట్టు. జుట్టు పాసైతేనే లెవెల్ టూ రాయనిస్తారు, అది గెడ్డం. గెడ్డం పాసైతే లెవెల్ త్రీ, తల మర్దనా. సేవ పొందే వ్యక్తే స్వయంగా అడగాలి, వేరొకరు అడిగితే చెల్లదు. పని జరుగుతున్నంతసేపూ మర్యాదకి పిచ్చాపాటీ మాట్లాడుకోవాలి, దానికి మార్కులున్నాయి. పని పూర్తయ్యాక 'కస్టమర్ సంతృప్తి చెందాడా?' అని మెంటర్ అడిగి ట్యాబులో టిక్కు కొట్టుకోవాలి. సెలూన్‌వాడి నోట తెలుగు ముక్క వినపడిందంటే సెలూన్‌కి తాళం.

సూర్యచంద్రం ఊళ్ళో సెలూన్లన్నీ తిరిగి అందరికీ ఈ రూల్సు చదివి వినిపించాడు. ఎందుకని మాత్రం ఆయనా అడగలేదు.

నెల తిరక్కుండా రేవుపాడు మొహం మారిపోయింది. ఊరందరికీ లెవెల్ వన్‌లో మొదటి వాక్యం ఒక్కటే నోటికొచ్చింది, 'జస్ట్ ఎ ట్రిమ్ ప్లీజ్'. దాంతో మగాళ్ళందరికీ ఒకటే కటింగు. వెనకనుంచి చూస్తే ఎవరి మొగుడెవరో తెలిసేది కాదు. గెడ్డాలు మాత్రం పెరిగి పెరిగి, బజారు చూస్తే సన్యాసులంతా కూరగాయలకి వచ్చినట్టుండేది. ఏడాది నిండిన పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించాలని తల్లులు వెళ్తే, పిల్లవాడే స్వయంగా అడగాలని నిశాంత్ వాళ్ళని వెనక్కి పంపేశాడు. ఓ తల్లి ఉండబట్టలేక, "వీడికింకా అమ్మ అనడమే రాదు నాయనా," అంది. "గ్రేట్! ఫ్రెష్‌గా స్టార్ట్ చెయ్యొచ్చు," అన్నాడా కుర్రాడు.

ఇక భద్రం సెలూన్ చూడాలి. ఆ దుకాణం ఊరికి నోరూ చెవీ. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఏ కాలవకి నీళ్ళొదిలారో, ఏ డాక్టరు చెయ్యి మంచిదో అంతా అక్కడే తెలిసేది. ఇప్పుడు కుర్చీలో కూర్చున్నవాడు నడివేసవి ఉక్కపోతలో చెమటలు కక్కుతూ "లవ్లీ వెదర్ టుడే" అంటాడు. భద్రం ముక్కు మీద నించి కారే చెమట మోచేత్తో తుడుచుకుని "యస్ సార్, వెరీ లవ్లీ" అంటాడు. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళు గోడకేసి చూస్తుంటారు. సొంత మేనల్లుడికి పెళ్ళి కుదిరిన సంగతి ఓ పెద్దాయనకి శుభలేఖ వచ్చాక గానీ తెలియలేదు.

ఇంతకీ సరంగు గారి సంగతి. రూలొచ్చిన మొదటి రోజు ఆయన మామూలుగా వెళ్ళాడు. భద్రం తువ్వాలు తీశాడు, నోరు తెరిచాడు, మూలన కూర్చున్న నిశాంత్‌ని చూసి నోరు మూసుకున్నాడు. "గుడ్ మార్నింగ్ సార్. హౌ మే ఐ హెల్ప్ యూ?" అన్నాడు నేల చూపులు చూస్తూ. సరంగు గారు గుమ్మంలోనే ఆగిపోయి వెనక్కీ ముందుకీ చూశాడు, ఎవర్నంటున్నాడా అని.

"గెడ్డం చేయరా భద్రం. ఏంటా మాటలు?"

నిశాంత్ లేచి నవ్వుతూ వివరించాడు. గెడ్డం లెవెల్ టూ అని, దానికి ముందు లెవెల్ వన్ అని.

"లెవెల్ వన్ అంటే?"

"జుట్టు తాతగారూ. ట్రిమ్ అడగడం రావాలి."

సరంగు గారు తువ్వాలు తలపాగా తీసి, నున్నటి గుండు కుర్రాడి మొహం ముందు పెట్టాడు. "ఏది, ఇందులో ఎక్కడ ట్రిమ్ చేస్తావో చూపించు బాబూ."

"డజంట్ మ్యాటర్," అన్నాడు నిశాంత్. "ఇక్కడ ఇంపార్టెంట్ జుట్టు కాదు, కాన్ఫిడెన్స్."

ఇంటికొచ్చి ఆ ముసలాయన ఒంటికాలి మీద లేచాడు. "ఏరా సూర్యం! వరద గోదార్లో కలెక్టర్ని లాంచీ ఎక్కించుకుని అవతలి గట్టున దింపిన మనిషిని నేను. నా గెడ్డానికి నేను పరీక్ష రాయాలా? అదీ లేని జుట్టుకి రాసి!"

"రూలు నాన్నా. నాదేముంది, పైనించి వచ్చింది."

"పైనించి వర్షమూ వస్తుంది. గొడుగు పట్టుకోవూ?"

"పోనీ ఇంట్లో నేను గీస్తాను, రేజరుంది," అన్నాడు సూర్యచంద్రం.

"నీ చేత్తో నా పీక మీద కత్తి పెట్టించుకోమంటావా? భద్రం చెయ్యి తప్ప నా మొహమ్మీద ఇంకో చెయ్యి పడ్డానికి వీల్లేదు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడాయన.

రోజులు గడిచాయి. తెల్లటి గెడ్డం మాసి, పెరిగి, మెడ మీదకి దిగింది. గెడ్డంతో నలుగురిలోకి వెళ్ళలేక ఆయన వీధరుగు మీదకి రావడం మానేశాడు. రాత్రీ పగలూ బరబరా గోక్కునేవాడు. మంగతాయారు చూడలేక, "ఏవండీ, మీరు ఆఫీసరు కదా, ముసలాయనకి ఆ మాత్రం మినహాయింపు తేలేరా?" అని మొగుణ్ణి దులిపేసింది. సూర్యచంద్రం నీళ్ళు నమిలి, చివరికి ధైర్యం చేసి కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు.

"కేశరహిత వృద్ధులకు లెవెల్ వన్ మినహాయింపు," అని పట్టాభిషేకం గారు పెదవుల్లోనే అనుకుని తల పంకించారు. "ఆలోచించదగ్గ అంశమే. కానీ రేపు గెడ్డం లేనివాళ్ళు లెవెల్ టూ మినహాయింపు అడుగుతారు. ఎల్లుండి తల లేనివాళ్ళు వస్తారు. ఒక ఉపసంఘం వేద్దాం. మీ ప్రమోషను ఫైలు కూడా నా దగ్గరే ఉంది కదూ?"

"ఆయ్," అని దణ్ణం పెట్టి వచ్చేశాడు సూర్యచంద్రం.

ఉపసంఘం ఇంకా కూర్చోకముందే ఓ మధ్యాహ్నం సరంగు గారు మంచినీళ్ళు తాగి, గెడ్డం తడుముకుని, "భద్రం ఖాళీగా ఉన్నాడేమో చూడరా," అన్నాడు. సూర్యచంద్రం చెప్పులేసుకుని గుమ్మం దాటాడో లేదో లోపల్నించి మంగతాయారు కేక వినపడింది.

పాడె మీద పడుకోబెట్టేముందు భద్రం పెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు. సరంగు గారి మొహాన్ని అలా పంపకూడదని వాడి తాపత్రయం. నిశాంత్ కూడా పరామర్శకి వచ్చి ఉన్నాడు. పాపం నిజంగానే కళ్ళు తడిచేసుకుని, గొంతు తగ్గించి, "సారీ ఫర్ యువర్ లాస్. కానీ సేవ పొందే వ్యక్తే స్వయంగా అడగాలి. రూలు మీరే చదివి వినిపించారు కదా సార్," అన్నాడు. భద్రం సూర్యచంద్రం వంక చూశాడు. సూర్యచంద్రం నేల వంక చూశాడు. సరంగు గారు మాసిన గెడ్డంతోనే వెళ్ళిపోయాడు.

పదో రోజు గోదావరి రేవు. ఇసుకలో సగం కూరుకుపోయిన పాత లాంచీ ఒకటి అక్కడ ఒరిగి ఉంది, దాని మీద కాకులు. ఒకప్పుడు సరంగు గారు నడిపింది అదే. బంధువులంతా వచ్చారు. పురోహితుడు దర్భలు సర్దుకున్నాడు. కొడుకు గుండు చేయించుకుని, మునిగి, మధ్యాహ్నం దాటకముందే పిండం పెట్టాలి. కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. సహోద్యోగి దుఃఖంలో పాలుపంచుకోవడం ఒకటి, పథకం నదీతీర ప్రాంతాల్లో అమలవుతున్న తీరు చూడ్డం ఒకటి.

సూర్యచంద్రం పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. భద్రం కత్తి తీశాడు. నిశాంత్ ట్యాబు తీసి గబగబా కిందకీ పైకీ జరిపాడు.

"ఓ చిన్న ఇష్యూ. గుండు సిలబస్‌లో లేదు."

పురోహితుడు ఎండకేసి చూశాడు. కమిషనర్ గారు గెడ్డం నిమురుకున్నారు, ఆయనకీ పెరిగింది మరి. "సిలబస్‌లో లేని కేశకర్మను అనుమతిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. అలాగని ఒక సంప్రదాయాన్ని అడ్డుకోవడం మా అభిమతమూ కాదు. మార్గమేదైనా ఉందా?"

నిశాంత్ మొహం వెలిగిపోయింది. "ఉంది సార్! సూర్యచంద్రం గారు లెవెల్ వన్ పాస్. ట్రిమ్ అడగొచ్చు. తర్వాత 'ఎ లిటిల్ షార్టర్ ప్లీజ్' అనొచ్చు. అలా అడుగుతూ పోతే... ఎక్కడో ఒకచోట గుండు వస్తుంది!"

వచ్చింది. రాక ఏమవుతుంది? తండ్రి పోయిన మనిషి, గోదారొడ్డున, నడినెత్తిన ఎండ మాడ్చేస్తుంటే, "జస్ట్ ఎ ట్రిమ్ ప్లీజ్" అన్నాడు. "సర్టెన్లీ సార్," అని భద్రం కాస్త తీశాడు. "ఎ లిటిల్ షార్టర్ ప్లీజ్." "సర్టెన్లీ సార్." మళ్ళీ. మళ్ళీ. ఆడవాళ్ళు ఏడుపు ఆపేసి నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

"పిచ్చాపాటీ," అని గుర్తుచేశాడు నిశాంత్ మెల్లగా.

భద్రం కత్తి ఆపేశాడు. "ఆర్ యూ... గోయింగ్ ఎనీవేర్ నైస్ దిస్ వీకెండ్ సార్?" అన్నాడు.

కత్తి మళ్ళీ కదిలింది. చివరి వెంట్రుక రాలాక భద్రం కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు ఏ భాషలోకి వస్తుందో తేల్చుకోలేక నిశాంత్ దాన్ని వదిలేశాడు. "కస్టమర్ సంతృప్తి చెందారా?" అని అడిగాడు. సూర్యచంద్రం పీట మీంచి లేచి నీళ్ళలోకి దిగి మునిగాడు.

పిండం పెట్టారు. అందరూ వెనక్కి జరిగారు. లాంచీ మీది కాకులు కదల్లేదు.

కాకి ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో కొరత మిగిలిందన్నమాట. ఆ కొరత ఏమిటో కనిపెట్టి తీరుస్తామని మాటివ్వాలి. బంధువులు ఒకరి తర్వాత ఒకరు మొదలెట్టారు. "మావయ్యా, మీ చేతికర్ర పదిలంగా దాస్తాం," అంది మంగతాయారు. కాకి రాలేదు. "నాన్నా, నీ పేరు మీద రేవులో చలివేంద్రం పెడతాను," అన్నాడు సూర్యచంద్రం. ఓ ముసలికాకి తల వాల్చి ఆయన్ని చూసి, మళ్ళీ నదికేసి తిరిగింది. ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

"ఈ కాకుల వ్యవహారం ఏ శాఖ కిందికి వస్తుంది?" అన్నారు కమిషనర్ గారు గడియారం చూసుకుని.

సూర్యచంద్రానికి వినపడలేదు. ఆయన చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది. భద్రం ఖాళీగా ఉన్నాడేమో చూడరా. కన్నతండ్రి ఆఖరి కోరిక అడిగితే ప్రమోషను కోసం నోరు కట్టేసుకున్న దరిద్రుణ్ణి నేను, అనుకున్నాడు. దుఃఖం తన్నుకొచ్చింది. భద్రం వైపు తిరిగాడు.

"పిలు భద్రం."

"ఏమనండీ?" అని, ఆ తెలుగు ముక్క నోరుజారిందని భద్రం నాలిక్కరుచుకున్నాడు.

"రోజూ పిలిచేవాడివి కదరా. అలాగే పిలు."

"మెంటర్ బాబున్నారండి. దుకాణం..."

"దుకాణం సంగతి నేను చూసుకుంటాను. నా బాబు కదూ, పిలువు."

భద్రం భుజం మీది తువ్వాలు లాగి, ఖాళీ పీట మీద ఫెళ్ళున ఒక్క దులుపు దులిపి, అవతలి గట్టుకి వినపడేలా కేకేశాడు.

"రండి సరంగు గారూ, కుర్చీ ఖాళీ!"

లాంచీ మీది ముసలికాకి రెక్క విదిల్చింది. నేరుగా వచ్చి పీట పక్కన వాలి, పిండంలో ముక్కు పెట్టింది. మంగతాయారు బావురుమంది. సూర్యచంద్రం ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నిశాంత్ కంగారుగా ట్యాబు పైకెత్తాడు. "సార్, వయొలేషన్. తెలుగులో పిలిచారు. పెద్ద గొంతుతో."

"ఎవరిని ఉద్దేశించి?" అన్నారు కమిషనర్ గారు.

"మా నాన్నని," అన్నాడు సూర్యచంద్రం కళ్ళు తుడుచుకుంటూ లేచి.

"ఆయన లెవెల్ వన్ ఉత్తీర్ణులు కారు కదా? గెడ్డానికి అర్హత లేని వ్యక్తిని కుర్చీలోకి ఆహ్వానించడం కూడా ఉల్లంఘనే. ఇందులో రెండు నేరాలున్నాయి సూర్యచంద్రం గారూ. మీ ప్రమోషను ఫైలు..."

"రెండూ నా పేరు మీద రాయండి సార్. పిలవమన్నది నేను. ఆ ఫైలు గోదాట్లో పారేయండి, నాకక్కర్లేదు."

కమిషనర్ గారు నమోదు చెయ్యమన్నట్టు ట్యాబు వైపు వేలు చూపించారు. నిశాంత్ వేలు ట్యాబు మీద అడుగునున్న ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. అది నింపితే గానీ నేరం నమోదు కాదు. కాకి వైపు ఓసారి, సూర్యచంద్రం వైపు ఓసారి చూశాడు.

"సార్... కస్టమర్ సంతృప్తి చెందారా?"

సూర్యచంద్రం తన బోడిగుండు మీద చెయ్యి వేసుకున్నాడు. కాకి మెతుకు మిగల్చకుండా తిని, ముక్కుని ఇసుకకేసి అటూ ఇటూ రాసుకుంది, అచ్చం గెడ్డం చేయించుకుని బుగ్గలు తడిమి చూసుకునే సరంగు గారిలాగే.

"చెందారు," అన్నాడు. "రాసుకో."